సముద్రంలో ప్లాస్టిక్, ఓరుగల్లు చెరువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండలలో చెరువు కట్టల మీద, నాలాల పక్కన చెత్త తీసేవాళ్లలో నేనూ ఒకడిని. పని మధ్యలో మేము సముద్రం మాట ఎత్తితే చాలామంది ఆగి చూస్తారు. కళాశాల విద్యార్థులు, కాలనీ పెద్దలు, మిర్చి రైతులు మమ్మల్ని పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఒక్కచోట ఉంటే బాగుంటుందని ఇవి రాస్తున్నాను.

మనకు సముద్రమే లేదు కదా, అక్కడి ప్లాస్టిక్‌తో మనకేం పని?

నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. మన ప్రాంతం గోదావరి, కృష్ణా పరివాహకాల మధ్య గట్టు మీద ఉంది. పాఖాల వైపు నీళ్లు మున్నేరులో, వర్ధన్నపేట వైపు నీళ్లు ఆకేరులో పారుతాయి. ఆ రెండూ కలిసి కృష్ణలో చేరి, హంసలదీవి దగ్గర సముద్రంలో పడతాయి. రామప్ప, లక్నవరం వైపు వాగులు గోదావరిలో కలిసి అంతర్వేది, యానాం దాకా వెళ్తాయి. ఎటు పోయినా చేరేది బంగాళాఖాతమే.

కాకతీయుల కాలంలో చెరువులను గొలుసుకట్టుగా కట్టారు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువును నింపాలి, అది నిండితే దాని కింది చెరువును. చుక్క నీరు కూడా వృథా పోకూడదని ఎనిమిది వందల ఏళ్ల కిందట చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు అదే దారి వెంట పాల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు దిగిపోతున్నాయి. అంత తెలివిగా కట్టిన దారిని మురికి కాలువగా మార్చుకున్నాం. దీన్ని మామూలు విషయంగా తీసుకోవడం నా వల్ల కాదు.

ప్రపంచవ్యాప్తంగా నదులను లెక్కగట్టిన ఒక పరిశోధన 2021లో వెలువడింది. నదుల ద్వారా సముద్రానికి చేరే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి వస్తోందని, నగరాల మధ్య పారే చిన్న నదుల వాటా అందులో పెద్దదని అది తేల్చింది. అంతకు ముందు అందరూ పది పెద్ద నదుల పేర్లు చెప్పి ఊరుకునేవారు. చిన్న వాగు పక్కన ఉన్నవాళ్లం తప్పించుకోవడానికి ఇక వీలు లేదు.

హనుమకొండలో పారేసిన కవరు నిజంగా సముద్రం దాకా వెళ్తుందా?

ప్రతి కవరూ వెళ్లదు. వెళ్లేది కూడా ఒక్క వానకే వెళ్లదు. చాలా భాగం దారిలోనే, అంటే నాలా అడుగు బురదలో, చెరువు పూడికలో, ఇసుక మేటల్లో, ఆనకట్టల వెనుక చిక్కుకుంటుంది. పెద్ద వరద వచ్చినప్పుడు మాత్రం ఏళ్ల తరబడి పేరుకున్నదంతా ఒక్కసారిగా కదులుతుంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్ మునిగిన రోజులు అందరికీ గుర్తే. నీళ్లు తీశాక వాగు ఒడ్డున తుమ్మ కొమ్మలకు మనిషి ఎత్తున కవర్లు వేలాడుతుంటాయి. వరద ఎంత ఎత్తున పోయిందో వాటిని చూసి చెప్పవచ్చు. కొమ్మలకు తగులుకున్నవి మనకు కనిపిస్తాయి, తగులుకోనివి కిందికి పోయాయి.

ఏ ప్లాస్టిక్ ఎంత దూరం పోతుందన్నది దాని రకాన్ని బట్టి ఉంటుంది. నీళ్ల సీసాను చేతిలోకి తీసుకుని చూడండి. సీసా పెట్ అనే ప్లాస్టిక్, నీటికన్నా బరువైనది. మూత పాలీఇథిలీన్ లేదా పాలీప్రొపిలీన్, నీటికన్నా తేలిక. మూత బిగించి పారేస్తే లోపలి గాలి వల్ల సీసా మొత్తం తేలుతూ పోతుంది. మూత తీసి పారేస్తే సీసా నీళ్లు నిండి అడుగుకు చేరుతుంది, మూత ఒక్కటే ప్రయాణం సాగిస్తుంది. ఏ దేశపు తీరంలో చెత్త ఏరినా సీసా మూతలు పుష్కలంగా దొరకడానికి ఇది ఒక కారణం.

సముద్రంలో మొత్తం ఎంత ప్లాస్టిక్ ఉంది?

పైకి తేలుతున్నదాన్ని లెక్కిస్తే 5 లక్షల కోట్లకు పైగా ముక్కలు, సుమారు 2.7 లక్షల టన్నులు ఉంటాయని 2014లో ఒక అంచనా వేశారు. దీని పక్కన ఇంకో అంచనాను పెట్టి చూడాలి. 2010 ఒక్క సంవత్సరంలో తీర దేశాల నుంచి సముద్రంలోకి వెళ్లిన ప్లాస్టిక్ 48 లక్షల నుంచి 127 లక్షల టన్నులు. ఏటా వెళ్లేది అంత ఉంటే పైన తేలేది ఇంత తక్కువా? మిగతాది అడుగుకు చేరింది, తీరాల్లో ఇసుకలో కూరుకుపోయింది, చేపల పొట్టల్లోకి వెళ్లింది, కంటికి కనిపించనంత చిన్నగా చితికిపోయింది. 2019లో పసిఫిక్‌లోని మేరియానా అగాధంలో, దాదాపు 11 కిలోమీటర్ల లోతుకు దిగిన జలాంతర్గామికి అక్కడ కూడా ప్లాస్టిక్‌లా ఉన్న, మనుషులు పారేసిన చెత్త కనిపించింది.

సముద్రాన్ని శుభ్రం చేస్తాం అనేవాళ్లు ఎవరైనా సరే, వాళ్లు చెప్పేది దాదాపు ఎప్పుడూ పైన తేలే భాగం గురించే. ఆ సంగతి మనసులో ఉంచుకుని వాళ్ల మాటలు వినాలి.

పసిఫిక్‌లో ప్లాస్టిక్ ద్వీపం ఉందట, దాని మీద నడవవచ్చా?

నడవలేరు. అది ద్వీపం కాదు. హవాయి, కాలిఫోర్నియాల మధ్య సుడి తిరిగే ప్రవాహాల్లో చెత్త చిక్కగా పోగుపడిన ప్రాంతం. దాని విస్తీర్ణం 16 లక్షల చదరపు కిలోమీటర్లని, అందులో కనీసం 79 వేల టన్నుల ప్లాస్టిక్ ఉందని 2018లో అంచనా వేశారు. ఆ బరువులో దాదాపు సగం చేపల వలలు. ఓడలో వెళ్తే చాలాసేపు మామూలు నీలి నీళ్లే కనిపిస్తాయి. వల వేసి లాగితేనే బండారం బయటపడుతుంది.

అంత సాంకేతికత ఉంది కదా, యంత్రాలతో తీసేయలేమా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇంజినీరింగ్ విద్యార్థులు. వాళ్ల ఉత్సాహాన్ని నీరుగార్చడం నాకు ఇష్టం లేదు, అందుకే వివరంగా చెబుతాను.

నెదర్లాండ్స్‌కు చెందిన బోయన్ స్లాట్ 2013లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఓషన్ క్లీనప్ అనే సంస్థను ప్రారంభించాడు. 2018 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 600 మీటర్ల పొడవైన తేలే గొట్టాన్ని పసిఫిక్‌లోకి పంపారు. అలలు, గాలి దాన్ని నెడుతుంటే చెత్త దానంతట అదే ఒకచోట చేరుతుందని అనుకున్నారు. పట్టిన చెత్త నిలవకుండా జారిపోయింది. ఏడాది చివరికి గొట్టంలో ఒక భాగం విరిగింది. వాళ్లు వదిలిపెట్టకుండా రూపాన్ని మార్చారు. 2021 నుంచి రెండు ఓడలు ఒక పెద్ద వలను నెమ్మదిగా లాగే పద్ధతికి వచ్చారు. 2023లో దించిన వల పొడవు రెండు కిలోమీటర్లకు పైనే. ఆ పద్ధతిలో నిజంగానే టన్నుల కొద్దీ చెత్త పైకి వచ్చింది. ఆ పట్టుదలను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

అయినా ఇబ్బందులు ఉన్నాయి. నడిసముద్రంలో ఓడలు తిప్పడానికి ఇంధనం, డబ్బు విపరీతంగా ఖర్చవుతాయి. నీటి పైపొరలోనే బతికే చిన్న జీవులు, జెల్లీచేపల బంధువులు, నీలి నత్తలు చెత్తతోపాటు వలలో పడతాయని సముద్ర జీవశాస్త్రవేత్తలు అభ్యంతరం చెబుతున్నారు. వల కన్నుకన్నా చిన్న ముక్కలు ఎలాగూ దొరకవు.

ఇదే సంస్థ 2019 నుంచి నదీముఖాల మీద దృష్టి పెట్టింది. నదికి అడ్డంగా తేలే కంచె వేసి, కొట్టుకొచ్చిన చెత్తను ఒక యంత్రంతో పైకి ఎత్తే పద్ధతి అది. మలేషియాలోని క్లాంగ్ నదిలో అలాంటి యంత్రం పెట్టారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో 2014 నుంచి ఒక తిరిగే చక్రం ఇదే పని చేస్తోంది. ప్రవాహం బలంతో చక్రం తిరిగి చెత్తను పైకి లాగుతుంది, ప్రవాహం చాలనప్పుడు సౌరశక్తి తోడవుతుంది. నడిసముద్రంలో వల వేసినవాళ్లే నది దగ్గరకు వచ్చారంటే, ఇంకా పైకి వచ్చి నాలా దగ్గర పట్టుకోవడం ఎంత తేలికో ఆలోచించండి. మన ఇంజినీరింగ్ విద్యార్థులు తమ ప్రాజెక్టుకు పసిఫిక్ దాకా వెళ్లనవసరం లేదు. నయీంనగర్ నాలాకు, బొందివాగుకు సరిపోయే చెత్త కంచెను తయారు చేస్తే చాలు. వానాకాలంలో అది తట్టుకోవాలి, వరద ఎక్కువైతే దానంతట అదే తప్పుకోవాలి, లేదంటే చుట్టుపక్కల ఇళ్లు మునుగుతాయి. చిన్న సవాలేమీ కాదు.

బంగాళాఖాతంలోనూ ఇలాంటి చెత్త సుడి ఉందా?

పసిఫిక్‌లో ఉన్నట్టు స్థిరమైన సుడి లేదు. రుతుపవనాలతోపాటు ఇక్కడి ప్రవాహాలు దిశ మార్చుకుంటాయి. అందువల్ల చెత్త ఒకచోట నిలవదు, ఎక్కువగా తీరాలకు కొట్టుకొస్తుంది. గోదావరి ముఖద్వారం పక్కనే కోరంగి మడ అడవులు ఉన్నాయి. మడ చెట్ల వేళ్లు నీటిలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అలాంటి చోట చిక్కిన కవరు అంత త్వరగా కదలదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తెలుగు తీరంలో గుడ్లు పెడతాయి. నీళ్లలో తేలే కవర్లను జెల్లీచేపలనుకుని తాబేళ్లు మింగడం ప్రపంచమంతటా నమోదైన విషయం.

ప్రమాదాల వల్ల చేరేది వేరు. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే ఓడ తగలబడి, దాదాపు 1,680 టన్నుల ప్లాస్టిక్ గుళికలు సముద్రం పాలయ్యాయి. 2025 మేలో కొచ్చి దగ్గర ఇంకో ఓడ మునిగి కేరళ తీరానికి అవే గుళికలు కొట్టుకొచ్చాయి. పప్పు గింజంత గుళికలు ఇసుకలో కలిశాక మనుషులు జల్లెడలు పట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

సూక్ష్మ ప్లాస్టిక్‌ను సముద్రం నుంచి తీయవచ్చా?

5 మిల్లీమీటర్లకన్నా చిన్న ముక్కలను సూక్ష్మ ప్లాస్టిక్ అంటారు. బహిరంగ సముద్రంలో వాటిని తీసే పద్ధతి ఏదీ లేదు. తీయబోతే వాటితోపాటు ఉండే సూక్ష్మజీవులు, చేప పిల్లలు కూడా వస్తాయి. ముక్క పెద్దగా ఉన్నప్పుడే తీయాలి. ఎండకు పెళుసెక్కి చేతిలో పొడిపొడిగా రాలిపోయే కవరును పట్టుకున్నవాళ్లెవరికైనా ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది.

ప్లాస్టిక్‌ను తినే బ్యాక్టీరియా వచ్చిందని విన్నాం.

నిజమే. జపాన్ శాస్త్రవేత్తలు 2016లో పెట్ ప్లాస్టిక్‌ను అరిగించుకునే ఒక బ్యాక్టీరియాను ప్రకటించారు. దాని ఎంజైములను మెరుగుపరిచి, కర్మాగారాల్లో సీసాలను తిరిగి ముడిసరుకుగా మార్చే ప్రయత్నాలు సాగుతున్నాయి. చెరువులోనో సముద్రంలోనో వదిలితే చెత్త మాయమయ్యే మందు మాత్రం కాదు.

నాలాలో మీకు ఎక్కువగా దొరికేవి ఏవి?

సీసాలని అందరూ అనుకుంటారు. సీసాలు తక్కువే, ఎందుకంటే వాటిని కొనేవాళ్లు ఉన్నారు. తుక్కు ఏరుకుని బతికేవాళ్లు తెల్లవారకముందే వాటిని తీసుకెళ్తారు. మేము వెళ్లేసరికి మిగిలేవి ఎవరూ కొననివి. దంతెతో ఒక్క లాగు లాగితే గుర్రపుడెక్క వేళ్లతో కలిసి నల్లటి ముద్ద వస్తుంది. దాన్ని గట్టు మీద వేసి విప్పితే షాంపూ ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, చిప్స్ ప్యాకెట్లు, మందు బిళ్లల అట్టలు, డిస్పోజబుల్ గ్లాసులు, పల్చటి కూరగాయల కవర్లు బయటపడతాయి. పాల ప్యాకెట్ మూల కత్తిరించి పారేసిన చిన్న ముక్క లెక్కలేనన్ని సార్లు కనిపిస్తుంది. దయచేసి ఆ మూలను పూర్తిగా కత్తిరించకండి. ప్యాకెట్‌కే అంటి ఉంటే ప్యాకెట్‌తోపాటు తుక్కు దుకాణానికి పోతుంది.

షాంపూ, చిప్స్ ప్యాకెట్లలో చాలావరకు రెండు మూడు పొరలు అతికించి చేసినవి. ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పొర విడదీయడం కష్టం, అందుకే వాటికి ధర లేదు. వాటిని తయారు చేసి అమ్మినవాళ్లే తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలని మన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. నా దృష్టిలో అసలు పోరాటం ఇక్కడే ఉంది. నాలాలో దిగి తీసేది మేము, ఆ ప్యాకెట్ మీద లాభం తీసుకునేది ఇంకొకరు.

తీసిన చెత్తను ఏం చేస్తారు? కాల్చేస్తే పోతుంది కదా?

కాల్చకండి. పీవీసీ లాంటివి కాలితే డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి, ఆ పొగ పీల్చేది పక్కింటి పిల్లలే. కడిగి ఆరబెట్టిన గట్టి ప్లాస్టిక్ తుక్కు దుకాణానికి, మిగతాది మున్సిపాలిటీ పొడి చెత్త కేంద్రానికి వెళ్లాలి. పల్చటి కవర్లను రోడ్డు పనిలో వాడవచ్చు. మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాల ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ ఈ పద్ధతిని రూపొందించారు. వేడి కంకర మీద తరిగిన ప్లాస్టిక్ చల్లితే అది కరిగి రాయికి పూతలా పట్టుకుంటుంది, ఆ తర్వాత తారు కలుపుతారు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఈ పనికి పీవీసీ పనికిరాదు. తిరిగి వాడలేని మిగతా రకాలను (పీవీసీ కాకుండా) సిమెంటు కర్మాగారాల బట్టీల్లో ఇంధనంగా వాడతారు.

బురద పట్టిన ప్లాస్టిక్‌ను మాత్రం ఎవరూ సంతోషంగా తీసుకోరు. నాలాలో పడ్డాక విలువ పోతుంది. ఇంట్లోనే తడి, పొడి చెత్త వేరు చేస్తే కిలో లెక్కన అమ్ముడుపోయే వస్తువు, నాలాలోంచి తీశాక డంపింగ్ యార్డుకు పోయే చెత్త అవుతుంది. ప్రపంచంలో 2015 వరకు పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో తిరిగి వాడకంలోకి వచ్చింది 9 శాతమే.

మేడారం జాతర సంగతేమిటి?

రెండేళ్లకొకసారి కోటి మందికి పైగా భక్తులు అడవి మధ్య నాలుగు రోజులు ఉంటారు. జంపన్నవాగులో స్నానాలు చేస్తారు. ఆ వాగు గోదావరిలో కలుస్తుంది. అంత జనం ఉన్నచోట చెత్త పుట్టడం సహజమే, దానికి భక్తులను తిట్టడం నాకు నచ్చదు. అమ్మలకు ఇచ్చే బంగారం, అంటే బెల్లం, గుడ్డలో కట్టుకుని వెళ్లవచ్చు. నీళ్ల ప్యాకెట్లకు బదులు ఇంటి నుంచి క్యాన్ తీసుకెళ్తే బండిలో పెద్ద బరువేమీ కాదు. వంటలు అక్కడే చేసుకుంటారు కాబట్టి మోదుగాకు విస్తర్లు దొరికితే అవే వాడండి. అసలు మెలకువ జాతర ముగిశాకే అవసరం. తర్వాతి వానాకాలం లోపు వాగు గర్భంలో, గద్దెల చుట్టుపక్కల పొదల్లో మిగిలినదంతా ఏరాలి. తొలి వరద వచ్చిందంటే మళ్లీ అవకాశం లేదు. ములుగు వైపు యువకులు తోడు రాగలిగితే చాలా సాయం.

బతుకమ్మ నిమజ్జనం వల్ల చెరువు పాడవుతుందా?

తంగేడు, గునుగు, బంతి పూల వల్ల కాదు. పూలతోపాటు నీళ్లలోకి వెళ్లే కవరు, మెరుపు కాగితాలు, థర్మకోల్ ముక్కల వల్ల. పద్మాక్షి గుండం దగ్గర సద్దుల రోజు ఒడ్డున నిలబడితే రెండింటి తేడా కళ్లకు కడుతుంది. పూలు నీళ్లలో కుళ్లి మట్టిలో కలుస్తాయి, కవర్లు మాత్రం పండుగ పోయాక కూడా ఒడ్డుకు ఆనుకుని ఊగుతుంటాయి. సత్తుపిండి, మలీద ప్రసాదాలు స్టీలు డబ్బాల్లో తెచ్చే ఆడబిడ్డలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకు నా నమస్కారం.

రైతుల వైపు నుంచి కూడా ప్లాస్టిక్ వస్తుందా?

వస్తుంది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మిర్చి సాళ్ల మీద పరిచే మల్చింగ్ షీటు కలుపును, తేమ నష్టాన్ని తగ్గిస్తుంది కాబట్టి రైతుకు ఉపయోగమే. పంట అయిపోయాక దాన్ని మొత్తంగా తీయగలిగితేనే మేలు. పల్చటి షీటు ఎండకు చిరిగి చేతికి రాదు, అలాగే దున్నేస్తే ముక్కలు మట్టిలో కలిసి వానకు వాగులోకి దిగుతాయి. కొంచెం మందమైన షీటు కొనండి, ఖర్చు ఎక్కువైనా తీసేటప్పుడు చుట్టగా వస్తుంది. పురుగుమందు డబ్బాలను వాగులో కడగడం, అక్కడే పారేయడం అన్నిటికన్నా ప్రమాదం. ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే ప్లాస్టిక్ బస్తాల దారపు పోగులు కూడా నాలాల్లో మాకు దొరుకుతుంటాయి.

ఒకసారి వాడే ప్లాస్టిక్‌ను నిషేధించారు కదా, మరి దుకాణాల్లో ఎలా దొరుకుతోంది?

2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మకోల్ వంటివి నిషేధం. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకన్నా పల్చటి చేతి సంచులు అమ్మకూడదు. గుట్కా, పాన్ మసాలాలను ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్మడం అంతకు ముందు నుంచే నిషిద్ధం. అమలు మాత్రం తనిఖీలు జరిగిన వారం ఒకలా, తర్వాత ఒకలా ఉంటుంది. చిన్న కూరగాయల బండి ఆమెకు జరిమానా వేయడం సులువు, కవర్లు తయారయ్యే చోటును మూయించడం కష్టం. తనిఖీ రెండో చోట జరగాలని మేము ఎప్పుడూ అడుగుతున్నాం.

ప్రపంచ దేశాల ఒప్పందం ఏమైంది?

ప్లాస్టిక్ కాలుష్యంపై ఒప్పందం కుదుర్చుకోవాలని 2022 మార్చిలో నైరోబీలో దేశాలు తీర్మానించాయి. 2024 చివరలో బుసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో చర్చలు జరిగినా ఒప్పందం కుదరలేదు. ఉత్పత్తికే పరిమితి పెట్టాలా, వ్యర్థాల నిర్వహణతో సరిపెట్టాలా అన్న దగ్గరే దేశాలు విడిపోయాయి. ఉత్పత్తిని తగ్గించకుండా ఏరుతూ పోతే ఏరేవాళ్లే అలసిపోతారని నా అభిప్రాయం.

సముద్రం దగ్గరే పని చేయాలని ఉంది. ఎక్కడికి వెళ్లాలి?

వెళ్లండి, చూసి రండి. ముంబైలోని వర్సోవా తీరంలో న్యాయవాది అఫ్రోజ్ షా 2015లో మొదలుపెట్టిన చెత్త ఏరే పని వేలమందిని కదిలించింది. కేరళలోని కొల్లం దగ్గర 2017లో శుచిత్వ సాగరం పేరుతో మత్స్యకారులు వలల్లో పడిన ప్లాస్టిక్‌ను తిరిగి నీళ్లలో పారేయకుండా ఒడ్డుకు తేవడం మొదలుపెట్టారు. దాన్ని శుభ్రం చేసి, తరిగి రోడ్ల పనికి ఇచ్చారు. అంతకన్నా తెలివైన పద్ధతి నేను వినలేదు. పడవ ఎలాగూ సముద్రంలోకి వెళ్తోంది, వల ఎలాగూ పడుతోంది, అదనంగా కావలసింది ఒక సంచీ, ఒడ్డున తీసుకునేవాళ్లు.

నాలా దగ్గరకు ఎప్పుడు రావాలి, ఏం తెచ్చుకోవాలి?

రోహిణి కార్తెలో రండి. ఎండ మండుతుంది కాబట్టి తెల్లవారుజామున మొదలుపెట్టి, పొద్దెక్కకముందే ముగిస్తాం. నీళ్లు తక్కువగా ఉండి అడుగు కనిపించే రోజులు అవే, మృగశిరకు వానలు మొదలైతే నాలాలో దిగనివ్వం. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, మందమైన చేతి తొడుగులు తప్పనిసరి. ధనుర్వాతం టీకా వేయించుకుని రండి. కాళ్లకు, చేతులకు పుండ్లు ఉన్నవాళ్లు గట్టు మీద వేరు చేసే పనిలో కూర్చోండి, ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల జ్వరాలు వస్తాయి. పిల్లలను ఒడ్డు దిగనివ్వకండి. సూదులు, పగిలిన సీసాలు కనిపిస్తే చేత్తో ముట్టుకోకుండా, పక్కన ఒక కర్ర పాతి, పారిశుద్ధ్య సిబ్బందికి చూపించండి.